ఆఫ్‌లైన్‌ఐమ్యాప్

ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ అనేది ఈ-మెయిలు సర్వరులోని ఉత్తరాలను, వాడుకరి కంప్యూటరులో ఉన్న వాటి ప్రతులను సరిచూసి, రెండు చోట్లా ఒకే స్థితిలో ఉంచే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇలా రెండు చోట్లను సమానం చేయడాన్ని సమకాలీకరణ లేదా సింక్రనైజేషన్ అంటారు. ఈ ప్రోగ్రాము పైథాన్ భాషలో వ్రాయబడినది. గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు రెండవ కూర్పు క్రింద లభిస్తుంది. లినక్సు, మ్యాక్ ఓఎస్ వంటి యునిక్సు తరహా నిర్వాహక వ్యవస్థలలో పనిచేస్తుంది. ఉత్తరాలను చదివే, వ్రాసే సౌకర్యం దీనిలో లేదు. అందుకు మట్ వంటి వేరొక ప్రోగ్రామును వాడుకోవాలి.

ఈ సాధనం మార్పులను రెండు దిశలలోనూ చేరవేస్తుంది. తొలగింపు కూడా ఒక మార్పే కాబట్టి కంప్యూటరులో చెరిపిన ఉత్తరం సర్వరులోనూ చెరిగిపోతుంది. ఈ కారణం వలన దీనిని అమర్చే ముందు పనితీరును గ్రహించడం, అమర్చిన తరువాత ఆ అమరికను వ్రాసి భద్రపరచడం అవసరం.

నేపథ్యం

సర్వరు నుండి ఉత్తరాలను పొందడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది పాప్3. దీని ప్రస్తుత ప్రమాణం 1996లో వెలువడినది. ఈ పద్ధతిలో ఉత్తరాలు కంప్యూటరులోనికి దిగుతాయి. సాధారణంగా సర్వరు నుండి తొలగిపోతాయి. రెండవది ఐమ్యాప్. దీనిని 1986లో స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించాడు. ఇందులో ఉత్తరాలు సర్వరులోనే ఉంటాయి. ఏ కంప్యూటరు నుండి చూసినా అవే ఫోల్డర్లు, అవే గుర్తులు కనిపిస్తాయి. మామూలు అనుసంధానానికి 143, గుప్త అనుసంధానానికి 993 సంఖ్య గల పోర్టులను వాడతారు. ఐమ్యాప్ నాలుగవ కూర్పుకు 2003లో ఒక ప్రమాణం, 2021లో దాని సవరణ వెలువడినవి.

ఉత్తరాలు సర్వరులోనే ఉండటం వలన అంతర్జాల సంబంధం తెగినపుడు పాత ఉత్తరాలు కూడా అందకుండా పోయే అవకాశం ఉన్నది. ఈ లోటును తీర్చడానికి ఐమ్యాప్ సౌలభ్యాన్ని వదులుకోకుండా పూర్తి ప్రతిని కంప్యూటరులో ఉంచుకోవడమే ఈ సాధనం ఉద్దేశం.

చరిత్ర

డెబియన్ ప్రాజెక్టు డెవలపరు జాన్ గోర్జెన్ 2002లో ఈ ప్రోగ్రామును వ్రాసి విడుదల చేశాడు. తరువాతి కాలంలో నిర్వహణ బాధ్యత నికోలా సెబ్రెష్ట్ తదితర స్వచ్ఛంద కార్యకర్తలకు చేరినది. మూల ప్రోగ్రాము పైథాన్ రెండవ కూర్పుపై ఆధారపడినది. ఆ కూర్పుకు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసినది. పైథాన్ మూడవ కూర్పుకు అనువుగా మార్చిన రూపాన్ని ఆఫ్‌లైన్‌ఐమ్యాప్3 అని పిలుస్తారు.

ఉత్తరాలను భద్రపరచే రూపం

కంప్యూటరులో ఉత్తరాలు మెయిల్‌డిర్ రూపంలో నిలువ ఉంటాయి. క్యూమెయిల్ అనే సర్వరు ప్రోగ్రాముతో పాటు డేనియల్ బెర్న్‌స్టీన్ దీనిని ప్రవేశపెట్టాడు. ఇందులో ప్రతి ఉత్తరం విడి ఫైలుగా ఉంటుంది. ప్రతి ఫోల్డరులోను టెంప్, న్యూ, కర్ అనే మూడు ఉప డైరెక్టరీలు ఉంటాయి. వచ్చే ఉత్తరాన్ని మొదట టెంప్‌లో పూర్తిగా వ్రాసి, ఆ పిమ్మట న్యూలోనికి మారుస్తారు. మధ్యలో కరెంటు పోయినా సగం వ్రాసిన ఉత్తరం వాడుకరి ముందుకు రాదు. మెయిలు ప్రోగ్రాము గమనించిన ఉత్తరాలు కర్‌లో ఉంటాయి. చదివినదానికి ఎస్, జవాబిచ్చినదానికి ఆర్ వంటి గుర్తులు ఫైలు పేరు చివరనే చేరతాయి.

పనిచేయు విధానం

ఐమ్యాప్ సర్వరు ప్రతి ఫోల్డరులోని ఉత్తరానికి యూఐడీ అనే సంఖ్యను ఇస్తుంది. రెండు చోట్ల ఉన్న ఉత్తరాలను జతపరచడానికి ఈ సంఖ్యయే ఆధారం. అయితే రెండు జాబితాలను పోల్చినంత మాత్రాన సమస్య తీరదు. ఒక ఉత్తరం సర్వరులో ఉండి కంప్యూటరులో లేదనుకుంటే, అది సర్వరుకు కొత్తగా వచ్చినదా, లేక కంప్యూటరులో తొలగించినదా అనేది తెలియదు. దీనిని తేల్చడానికి ప్రోగ్రాము మూడవ జాబితాను ఉంచుకుంటుంది. గత సమకాలీకరణ ముగిసేనాటికి ఏ ఏ ఉత్తరాలు ఉన్నాయో అందులో నమోదవుతుంది. దీనిని స్థితి పట్టిక అనవచ్చును.

* సర్వరులో ఉండి, కంప్యూటరులోను పట్టికలోను లేకపోతే అది కొత్త ఉత్తరం, కంప్యూటరులోనికి దిగుతుంది.
* సర్వరులోను పట్టికలోను ఉండి, కంప్యూటరులో లేకపోతే వాడుకరి తొలగించాడని భావించి సర్వరులో తొలగిస్తుంది.
* కంప్యూటరులోను పట్టికలోను ఉండి, సర్వరులో లేకపోతే కంప్యూటరులోని ప్రతిని తొలగిస్తుంది.
* కంప్యూటరులో మాత్రమే ఉంటే కొత్తగా చేర్చినదిగా భావించి సర్వరుకు పంపుతుంది.

సర్వరులో ఫోల్డరును మళ్ళీ నిర్మించినపుడు పాత యూఐడీలు చెల్లకపోవచ్చు. ఈ సంగతిని సర్వరు యూఐడీ వాలిడిటీ అనే మరొక సంఖ్యను మార్చి తెలుపుతుంది. ఆ మార్పు కనిపిస్తే ప్రోగ్రాము ఆ ఫోల్డరును ముట్టకుండా హెచ్చరిక ఇస్తుంది.

అమర్చు విధానం

అమరికలన్నీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఆఫ్‌లైన్‌ఐమ్యాప్‌ఆర్‌సీ అనే ఒకే ఫైలులో ఉంటాయి. ప్రోగ్రాముతో పాటు వచ్చే నమూనా ఫైలులో ప్రతి అమరిక పక్కన దాని వివరణ ఉంటుంది.

# జనరల్ భాగంలో ఖాతాల పేర్లు ఇవ్వాలి.
# అకౌంట్ భాగంలో ఆ ఖాతాకు చెందిన కంప్యూటరు నిలువ, సర్వరు నిలువల పేర్లు తెలపాలి. ఎన్ని నిమిషాలకు ఒకసారి సరిచూడాలో ఇక్కడే చెప్పవచ్చును.
# రిపాజిటరీ భాగాలు రెండు ఉంటాయి. కంప్యూటరు నిలువకు మెయిల్‌డిర్ రకం, డైరెక్టరీ చిరునామా ఇవ్వాలి. సర్వరు నిలువకు ఐమ్యాప్ రకం, సర్వరు పేరు, వాడుకరి పేరు, గుప్త అనుసంధానపు వివరాలు ఇవ్వాలి.
# అవసరం లేని ఫోల్డర్లను ఫోల్డర్‌ఫిల్టర్ ద్వారా విడిచిపెట్టవచ్చును. ఫోల్డరు పేర్లను మార్చడానికి నేమ్‌ట్రాన్స్ ఉన్నది. సర్వరు వైపు పేరు మార్చితే దానికి విలోమమైన మార్పును కంప్యూటరు వైపు కూడా వ్రాయాలి.

సంకేతపదాన్ని అమరిక ఫైలులోనే వ్రాస్తే ఆ ఫైలును యజమాని తప్ప ఇతరులు చదవకుండా చేయాలి. గుప్తీకరించిన వేరొక ఫైలు నుండి దానిని తెప్పించుకునే వీలు కూడా ఉన్నది. జీమెయిలు వ్యక్తిగత ఖాతాలలో మామూలు సంకేతపదంతో ప్రవేశించే వీలును గూగుల్ 2022 మే 30 నుండి నిలిపివేసినది. ఇట్టి ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణతో వచ్చే యాప్ పాస్‌వర్డును గాని, ఓఆథ్ పద్ధతిని గాని వాడాలి. జీమెయిలులో ప్రతి లేబులు ఒక ఫోల్డరుగా కనిపిస్తుంది కాబట్టి ఒకే ఉత్తరం అనేకసార్లు దిగుతుంది. ఆల్ మెయిల్ ఫోల్డరును విడిచిపెడితే ఈ పునరుక్తి కొంత తగ్గుతుంది.

జాగ్రత్తలు

మొదటి పర్యాయం సర్వరు నిలువకు రీడ్‌ఓన్లీ అమరికను పెట్టడం క్షేమం. అపుడు ఉత్తరాలు దిగుతాయి గాని సర్వరులో ఏ మార్పూ జరగదు. డ్రై-రన్ అనే ఐచ్ఛికంతో నడిపితే ఏమి చేయబోతున్నదో చూపుతుంది, చేయదు. ఒక్క ఖాతాను లేదా ఒక్క ఫోల్డరును మాత్రమే ఎంచుకొని పరీక్షించవచ్చును.

సమకాలీకరణను భద్రప్రతికి ప్రత్యామ్నాయంగా భావించరాదు. పొరపాటున తొలగించిన ఉత్తరం తరువాతి సమకాలీకరణలో రెండు చోట్లా పోతుంది. కనుక మెయిల్‌డిర్‌కు వేరొక చోట తేదీలవారీగా ప్రతులు తీయాలి. ఆ ప్రతులలో స్థితి పట్టిక ఉన్న డైరెక్టరీని కూడా చేర్చాలి. డిస్కు చెడిపోయినపుడు పాత మెయిల్‌డిర్‌ను తెచ్చి, కొత్త స్థితి పట్టికతో కలిపి నడిపితే, మధ్యకాలంలో వచ్చిన ఉత్తరాలను వాడుకరి తొలగించినట్లు ప్రోగ్రాము భావిస్తుంది. వాటిని సర్వరు నుండి తీసివేస్తుంది. ఒకే తేదీకి చెందిన రెండింటినీ కలిపి వాడాలి, లేదా ఖాళీ డైరెక్టరీతోను ఖాళీ పట్టికతోను మొదటి నుండి దించుకోవాలి.

అమరికను నమోదు చేయడం

అమర్చిన వ్యక్తి అందుబాటులో లేనపుడు మరొకరు ఈ పనిని కొనసాగించవలసి రావచ్చు. అమరిక ఫైలు ఏమి చేస్తున్నదో చెబుతుంది గాని ఎందుకు అలా చేశారో చెప్పదు. అందువలన ఈ క్రింది విషయాలను వ్రాసి ఉంచడం మంచిది.

* ప్రోగ్రాము కూర్పు సంఖ్య, పైథాన్ కూర్పు సంఖ్య
* మెయిల్‌డిర్, స్థితి పట్టిక ఉన్న చోట్లు
* విడిచిపెట్టిన ఫోల్డర్లు, అందుకు కారణాలు
* సమకాలీకరణ ఒకవైపా, రెండువైపులా అనేది
* సంకేతపదం భద్రపరచిన పద్ధతి (సంకేతపదాన్ని వ్రాయరాదు)
* భద్రప్రతి నుండి తిరిగి తెచ్చే క్రమం, దానిని చివరిసారి పరీక్షించిన తేదీ

ఫైలులో కూడా # గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్యలు వ్రాసుకోవచ్చును.

తెలుగు ఫోల్డరు పేర్లు

ఐమ్యాప్ 2003 నాటి ప్రమాణం ప్రకారం ఆంగ్లేతర ఫోల్డరు పేర్లను సవరించిన యూటీఎఫ్-7 అనే సంకేతరూపంలో పంపుతారు. తెలుగులో పేరు పెట్టిన ఫోల్డరు కంప్యూటరులో & గుర్తుతో మొదలై అడ్డగీతతో ముగిసే రోమను అక్షరాల వరుసగా కనిపించడానికి ఇదే కారణం. దీనివలన ఉత్తరాలలోని తెలుగు పాఠానికి హాని లేదు. ఏ వరుస ఏ పేరుకు చెందినదో నమోదు పత్రంలో వ్రాసుకుంటే వెతకడం సులభం.

ఇతర సాధనాలు

ఎంబీసింక్ ఇదే పనిని చేసే సీ భాషా ప్రోగ్రాము. మట్ రచయిత మైఖేల్ ఎల్కిన్స్ దీనిని ఐసింక్ పేరుతో ప్రారంభించగా, తరువాత ఓస్వాల్డ్ బుడెన్‌హాగెన్ అభివృద్ధి చేశాడు. ఐమ్యాప్‌సింక్ ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు ఉత్తరాలను తరలించడానికి ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

* ఈ-మెయిలు
* ఐమ్యాప్
* మెయిల్‌డిర్
* స్వేచ్ఛా సాఫ్టువేరు