మేడ మీది గొడుగు

ప్రత్యేక సంచికకు పాత ఆఫీసు ముచ్చట ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు కోరారు. పెన్షను, డి.ఎ.ల సంగతి తక్కిన మిత్రులు రాస్తారు గనుక నేను మా కలెక్టరేట్ మేడ మీది డిష్ గురించి రాస్తున్నాను.

ఉపగ్రహం మనవారికి అంత కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో అమెరికావారి ఏటీఎస్-6 ద్వారా 2,400 గ్రామాలకు టీవీ అందింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1976లో ఏర్పడిన జాతీయ సమాచార కేంద్రం 1980ల చివరలో ‘నిక్‌నెట్’ పేరిట జిల్లా కేంద్రాలను ఉపగ్రహంతో కలిపింది. అలా మా మేడ మీదికి పెద్ద గొడుగు లాంటి డిష్, కింద గదిలోకి మోడెం, కంప్యూటరు వచ్చాయి. ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను. వెయ్యిమందికి పైగా పోయారు. నేనప్పుడు కోస్తాలో ఒక జిల్లాలో యు.డి.సి.ని. టెలిఫోన్ స్తంభాలు నేలకూలాయి. మండలాల నుంచి పోలీసు వైర్‌లెస్‌లో వచ్చిన నష్టాల వివరాలు జాబితాగా రాసి పెట్టుకున్నాను. అంత పొడుగు జాబితా హైదరాబాదు చేరాలంటే మోడెమే దిక్కు. జనరేటరు నడుస్తున్నా దాని దీపం మినుకుమంటోందే గాని నిలవడం లేదు.

ఆ గది చూసే కుర్ర ఇంజనీరు మోడెం ఆపి మళ్లీ వేశాడు. తీగలు ఊడదీసి తుడిచాడు. డిష్ దగ్గరి కనెక్టరులోకి నీరు దిగితే ఆరబెట్టాడు. అయినా కలవలేదు. తీరా చూస్తే గాలికి డిష్ కాస్త పక్కకు తిరిగింది. బెత్తెడు కూడా లేదు. కాని ఉపగ్రహం ఉండేది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున. ఇక్కడ ఒక్క డిగ్రీ తప్పితే అక్కడ 600 కిలోమీటర్ల పైగా గురి తప్పుతుంది.

అతను మేడ మీద పానాతో వెంట్రుకవాసి చొప్పున తిప్పడం, నేను మోడెం ముందు కూచుని కేకవేయడం, మెట్ల మీది అటెండరు దాన్ని పైకి చేరవేయడం. ఆకాశానికి వెళ్లి దిగడానికి సంకేతానికి పావు సెకను చాలు. మా కేక మేడ ఎక్కడానికి అంతకన్నా ఎక్కువే పట్టేది. రెండు గంటలయ్యాక, “గురువుగారూ, ఎలా ఉంది?” అన్నాడు. “నిలిచింది బాబూ, ఇక ముట్టుకోకు!” అన్నాను.

తెల్లవారేలోగా జాబితా వెళ్లిపోయింది.

మళ్లీ గాలి వీస్తే వెతుక్కోకుండా స్తంభం మీదా, బిగింపు మీదా కలిసేట్టు ఎర్రరంగుతో ఒక గీత గీయించాను. ఆ రంగు డబ్బా ఖర్చు కంటింజెంట్ బిల్లులో రాస్తే, కంప్యూటరుకు రంగెందుకని ఆడిట్‌వారు అభ్యంతరం రాశారు.