బొగ్గుబావి నుంచి బస్సు మెట్టు దాకా: రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో వృద్ధులు, వికలాంగుల ప్రజారవాణా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సింగరేణి బొగ్గు ప్రాంతంలో వైకల్యాన్ని గురించిన చర్చ పరిహారం, ఉద్యోగం, పింఛను అనే అంశాల చుట్టూనే సాగింది. గని దిగడం మానిన కార్మికుడు బస్సు ఎక్కగలడా అన్న ప్రశ్న ఆ చర్చలో అంచుకే పరిమితమైంది. రామగుండం, గోదావరిఖని పారిశ్రామిక ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, ఆర్టీసీ, విశ్రాంత కార్మికులు, వైకల్య చట్టాలు, ఊపిరితిత్తుల వ్యాధి

1. బొగ్గు కోసం వేసిన దారులు

తెలంగాణలో ఆధునిక రవాణా చరిత్రను బొగ్గు చరిత్ర నుంచి విడదీయడం కష్టం. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. ఆ సంస్థే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో అందులోని అధిక వాటాలను నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు రైలుమార్గం వేసింది బొగ్గు కోసమే. మనుషుల ప్రయాణం దాని వెంట వచ్చింది. రోడ్డు రవాణా కూడా రైల్వే నీడలోనే పుట్టింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే.

రామగుండంలో ఈ క్రమం తారుమారైంది. కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయి మద్రాసును ఢిల్లీతో నేరుగా కలిపింది. రామగుండం ఆ మార్గంలో ఒక స్టేషను. గోదావరిఖని గనులు ఆ తరువాత మూడు దశాబ్దాలకు గాని రాలేదు. కాబట్టి పట్టణం స్టేషను చుట్టూ కాక గనుల వెంట, గోదావరి ఒడ్డు దిశగా పెరిగింది. ఎరువుల కర్మాగారం, 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం తమ తమ కాలనీలను వేరుగా కట్టుకున్నాయి. నేడు నగరపాలక సంస్థ ఒక్కటే అయినా స్టేషను ఒకచోట, బస్టాండు వేరొకచోట, ఏరియా ఆసుపత్రి మరొకచోట ఉన్నాయి. ఆరోగ్యవంతునికి ఇది దూరం మాత్రమే. చేతికర్ర పట్టుకున్నవానికి వాహనం మారవలసిన ప్రతిచోటా ఒక కొత్త ప్రయాణం మొదలవుతుంది.

కాలనీల పేర్లలో ఈ చరిత్ర నిలిచి ఉంది. 'యైటింక్లైన్ కాలనీ' అన్న పేరులో గని సంఖ్యే ఊరి పేరుగా మారింది. క్వార్టరును గనికి దగ్గరగా కట్టడం షిఫ్టుకు అనుకూలం. నడిచో, సైకిలు మీదో కార్మికుడు హాజరు వేళకు చేరుకునేవాడు. అయితే ఆ సామీప్యం ఉద్యోగం ఉన్నంతకాలమే. విరమణతో క్వార్టరును ఖాళీ చేయాలి. పట్టణం అంచున స్థలం కొనుక్కున్నవారు, సొంత ఊళ్లకు తిరిగి వెళ్లినవారు ఆసుపత్రికీ బ్యాంకుకూ ఒకేసారి దూరమయ్యారు. నడక తగ్గవలసిన వయసులో దూరం పెరగడమన్నది ఈ ప్రాంతపు వృద్ధాప్యానికున్న ప్రత్యేకత.

2. శరీరాన్ని కొలిచిన మూడు తూకాలు

బొగ్గు ప్రాంతంలో వైకల్యానికి మొదటి కొలత 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. తెగిన వేలికి, పోయిన కంటికి, తొలగించిన కాలికి సంపాదనాశక్తిలో ఇంత శాతం నష్టమని ఆ చట్టపు అనుబంధం పట్టిక కట్టింది. ఖనిజ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధులను వృత్తివ్యాధులుగా గుర్తించింది కూడా ఆ చట్టమే.

రెండవ కొలత ఉద్యోగానికి సంబంధించినది. వైద్య మండలి 'అన్‌ఫిట్' అని నిర్ధారిస్తే కార్మికుని స్థానంలో కుటుంబసభ్యునికి కొలువు దక్కే ఏర్పాటు జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల ద్వారా స్థిరపడింది. కార్మికవాడల్లో 'అన్‌ఫిట్' అన్న మాటకు కొడుకు ఉద్యోగం అన్న ధ్వని వచ్చిందంటే కారణం ఇదే. ఈ విషయం మీద ఉద్యమాలు జరిగాయి, ఎన్నికల హామీలు వెలువడ్డాయి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేయడంతో వివాదం మరింత ముదిరింది. ఇంతటి చర్చలోనూ అన్‌ఫిట్ అయిన మనిషి ఆ తరువాత ఎలా తిరుగుతాడన్నది ప్రధానాంశం కాలేదు. ఇందుకు కార్మికులను తప్పుపట్టలేం. ఇల్లు గడవడమే ప్రశ్న అయినచోట ప్రయాణం రెండో స్థానంలోకి వెళ్తుంది.

మూడవ కొలత 1995 నాటి వికలాంగుల చట్టంతో వచ్చింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారే దాని పరిధిలోకి వస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'సదరం' శిబిరాలు ఈ శాతాన్ని కంప్యూటరుకు ఎక్కించాయి. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. సికిల్‌సెల్, తలసేమియా, పార్కిన్సన్ వ్యాధులకు చోటిచ్చింది. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి మాత్రం ఆ జాబితాలో లేదు. అంటే బొగ్గు ధూళితో ఊపిరి కుంచించుకుపోయిన కార్మికుడు 1923 చట్టం ముందు నష్టపోయినవాడే కాని, కాళ్లూ చేతులూ సక్రమంగా ఉన్నందువల్ల 2016 చట్టం ముందు వికలాంగుడు కాడు. నాలుగడుగులకు ఆయాసపడే మనిషికి రాయితీ పాసు గాని, ప్రత్యేకించిన సీటు గాని హక్కుగా సంక్రమించవు. 'వికలాంగులు' అన్న మాటకు బదులు అధికార పత్రాల్లో 'దివ్యాంగులు' వచ్చినా ఈ గీత చెరగలేదు.

3. రాయితీ, మెట్టు

ప్రజారవాణాలో వృద్ధులకు, వికలాంగులకు జరిగిన మేలు చాలావరకు టికెట్టు ధర రూపంలోనే జరిగింది. ఆర్టీసీ రాయితీ పాసులు, ముందు వరుసలో కేటాయించిన సీట్లు ఇందుకు ఉదాహరణలు. రైల్వే ఒకప్పుడు పురుషులకు 60 ఏళ్లు నిండితే 40 శాతం, స్త్రీలకు 58 ఏళ్లు నిండితే 50 శాతం తగ్గింపు ఇచ్చేది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆ రాయితీ నిలిచిపోయి, తిరిగి రాలేదు. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం ధరల సూచీతో ముడిపడి లేదు. కనుక మాసపు పింఛను మీదే ఆధారపడినవారికి ఈ తగ్గింపు చిన్న విషయం కాదు.

2023 డిసెంబరు 9న ఆరంభమైన మహాలక్ష్మి పథకం తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించింది. బొగ్గు ప్రాంతంలో దీనికి ఒక విచిత్రమైన ఫలితం ఉంది. గని చట్టం స్త్రీలను దశాబ్దాలపాటు భూగర్భంలోకి అనుమతించలేదు. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. అందువల్ల భూగర్భంలో పనిచేసి విరమించినవారంతా దాదాపుగా పురుషులే. కార్మికుని భార్య, లేదా వితంతువు, ఆసుపత్రికి ఉచితంగా వెళ్లివస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న కార్మికుడు టికెట్టు కొనాలి. ఇద్దరూ ఎక్కవలసిన మెట్టు మాత్రం ఒకటే.

ఆ మెట్టే అసలు సమస్య. సాధారణ బస్సు లారీ చాసిస్ మీద కట్టినది. నేల ఎత్తు, మెట్లు నిటారు. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ నగర పునర్నిర్మాణ పథకం కింద లోఫ్లోర్ బస్సులు హైదరాబాదు వంటి మిషన్ నగరాలకు వచ్చాయి. ఆ నగరాల జాబితాలో రామగుండం లేదు. 1995 చట్టం బస్సులను అనువుగా మార్చాలని చెబుతూనే 'ఆర్థిక సామర్థ్యపు పరిమితులలో' అన్న షరతు పెట్టింది. 2016 చట్టంలోని 41వ సెక్షను మరింత గట్టిగా మాట్లాడినా, పాత వాహనాల విషయంలో సాంకేతికంగా సాధ్యమై, ఆర్థికంగా గిట్టుబాటైతేనే అన్న మెలిక మిగిలింది. బస్టాండు వెలుపల ఈ ఖాళీని పూరించింది షేర్ ఆటో. అది పిలిస్తే ఆగుతుంది, నేల తక్కువ ఎత్తులో ఉంటుంది. అయితే చక్రాల కుర్చీని మడిచి పెట్టుకునే చోటు అందులో ఉండదు. నిండితే గాని కదలదు.

గమనించదగిన మరో విషయం ఉంది. ఏటవాలు గనుల్లో మైళ్ల కొద్దీ నడిచే శ్రమను తగ్గించడానికి సింగరేణి అనేక భూగర్భ గనుల్లో 'మ్యాన్ రైడింగ్' వ్యవస్థలను నెలకొల్పింది. కదిలే తాడుకు వేలాడే కుర్చీ మీద కార్మికుడు బొగ్గు ముఖం దాకా చేరుతాడు. నడకలో పోయే శక్తి ఉత్పత్తికి నష్టమన్న లెక్క అక్కడ పనిచేసింది. గని పైన, విరమణ తరువాత, అటువంటి లెక్క వేసే సంస్థ ఏదీ లేదు.

4. మారుతున్న జనాభా

1990ల ఆరంభంలో లక్షకు పైబడిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలభై వేల సమీపానికి తగ్గింది. భూగర్భ గనులు మూతపడి ఓపెన్‌కాస్ట్‌లు విస్తరించిన కొద్దీ, ఈ పట్టణాల్లో షిఫ్టుకు వెళ్లేవారికన్నా వైద్యానికి, పింఛనుకు తిరిగేవారి ప్రయాణాలకు ప్రాధాన్యం పెరిగింది. పింఛనుదారు ఏటా జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నుంచి 'జీవన్ ప్రమాణ్' ద్వారా దాన్ని డిజిటల్‌గా ఇచ్చే వీలుంది. అయితే గని పనిలో వేలిముద్రలు అరిగినవారికి యంత్రం ఒక్కోసారి మొండికేస్తుంది. అప్పుడు మళ్లీ బ్యాంకు గడప తొక్కాలి.

దేశస్థాయిలో రాజీవ్ రతూరి కేసు ఈ చరిత్రను మలుపు తిప్పింది. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదికను పరిగణనలోకి తీసుకొని, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు 2017 నిబంధనల్లోని 15వ నియమం చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ నియమం ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిందని, తప్పనిసరి ప్రమాణాలను వేరుచేసి రూపొందించాలని ఆదేశించింది. రామగుండం స్టేషను 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన అమృత్ భారత్ జాబితాలో ఉంది. 2022లో పట్టణానికి వైద్యకళాశాల కూడా వచ్చింది. సింగరేణి నిధులతో నిలిచిన ఆ సంస్థ పేరులోనూ సింగరేణి ఉంది. నిపుణ వైద్యం కోసం పూర్వం కరీంనగర్‌కో, హైదరాబాదుకో వెళ్లినవారిలో కొందరి ప్రయాణం ఇప్పుడు గోదావరిఖని చౌరస్తా వరకే. ఆ చౌరస్తాకు చేర్చే పల్లెవెలుగు మెట్టు ఎత్తు మాత్రం మునుపటిదే.