లినక్స్ అప్‌గ్రేడ్ అనంతరం వైఫై నిలిచిపోతే... లోపం ఏ అంచెలో ఉందో గుర్తించడం ఎలా?

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): రైల్వే నియామక పరీక్షకు దరఖాస్తు, హాల్ టికెట్, కళాశాల ప్రవేశం, ఫలితం అన్నీ ఆన్‌లైన్‌కు మారిన కాలంలో ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో వైఫై నిలిచిపోవడం చిన్న అసౌకర్యం కాదు. లినక్స్ వాడేవారికి ఈ చిక్కు తరచుగా ఒకే సందర్భంలో ఎదురవుతుంది. రాత్రి కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేస్తారు. ఉదయం కంప్యూటర్ మామూలుగానే తెరుచుకుంటుంది గానీ తెర మూలన ఉండవలసిన వైఫై గుర్తు మాత్రం కనిపించదు. పరిష్కారం ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఆ ఇంటర్నెటే ఉండదు.

ఇటువంటి సమయంలో చాలామంది చేసే పని హార్డ్ డిస్క్ మొత్తం తుడిచి వ్యవస్థను మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. అనేక సందర్భాల్లో దాని అవసరమే ఉండదు. తొందరలో అసలు ఫైళ్లు పోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. వైఫై అనేది ఒకే వస్తువు కాదు. కార్డు, దాన్ని నడిపే డ్రైవర్, కార్డులోకి ఎక్కే ఫర్మ్‌వేర్, అనుసంధానాన్ని నిర్వహించే ప్రోగ్రామ్, పాస్‌వర్డ్‌ను పరిశీలించే భద్రతా వ్యవస్థ ఒకదానిపై ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. అప్‌గ్రేడ్‌లో సాధారణంగా వీటిలో ఏదో ఒక్కటి మిగిలినవాటితో పొసగకుండా పోతుంది. అది ఏదో తెలిస్తే సగం పని పూర్తయినట్లే.

ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ గుర్తింపు కొంత సులభం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రైల్వే పట్టణం పెట్టింది పేరు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చినది కూడా ఈ ఊరే. దేశంలో మొదటి ఐఐటీ 1951లో ఇక్కడే ప్రారంభమైంది. ఇటువంటి ఊళ్లో ఒకే ల్యాప్‌టాప్ మూడు రకాల నెట్‌వర్క్‌లను చూసే అవకాశం ఉంది. మొదటిది ఒకే పాస్‌వర్డ్‌తో నడిచే ఇంటి రౌటర్. రెండవది విద్యాసంస్థల ప్రాంగణాల్లో ఉండే, ప్రతి వ్యక్తికీ వేర్వేరు ఖాతా గల నెట్‌వర్క్. మూడవది మొబైల్‌కు వచ్చే ఓటీపీతో తెరుచుకునే రైల్వే స్టేషన్ వైఫై.

అప్‌గ్రేడ్ తర్వాత ఈ మూడింటిలో ఏ పేరూ కనిపించకపోతే లోపం కింది అంచెల్లో, అంటే కార్డు, డ్రైవర్, ఫర్మ్‌వేర్‌లలో ఉన్నట్లు. ఇంట్లో పనిచేసి ప్రాంగణంలో మాత్రమే పనిచేయకపోతే భద్రతా అంచెను అనుమానించాలి. అనుసంధానం కుదిరినా పేజీలు తెరుచుకోకపోతే చిక్కు అంతకన్నా పైన, చిరునామాలను వెదికే డీఎన్ఎస్ దగ్గరో, లాగిన్ పేజీ దగ్గరో ఉంటుంది. ఒక్క ఆదేశం కూడా టైప్ చేయకముందే ఇంత వరకు తేల్చుకోవచ్చు.

ముందుగా తాత్కాలిక మార్గం

మరమ్మతుకు ఇంటర్నెట్ కావాలి కనుక మొదట ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను లినక్స్ సాధారణంగా అదనపు డ్రైవర్ ఏదీ లేకుండానే వైరు నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. అనేక ఫోన్లు మొబైల్ డేటానే కాక తాము అందుకుంటున్న వైఫైని కూడా ఈ కేబుల్ ద్వారా పంచగలవు. కనుక డేటా ప్యాక్ అయిపోయినా దారి మూసుకుపోదు.

అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయి ఉంటే ముందు దాన్ని పూర్తి చేయాలి. డెబియన్, ఉబుంటు కుటుంబాల్లో ‘డీపీకేజీ’ ఆదేశాన్ని ‘కాన్ఫిగర్’, ‘ఏ’ ఐచ్ఛికాలతో నడిపితే సగంలో నిలిచిన ప్యాకేజీల అమరిక కొనసాగుతుంది. (ఈ వ్యాసంలో తెలుగు లిపిలో ఇచ్చిన ఆదేశాల పేర్లను టెర్మినల్‌లో ఆంగ్ల చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.) స్టేషన్ వైఫైపై అప్‌గ్రేడ్ మొదలుపెట్టేవారు ఒక లెక్క గమనించాలి. రైల్‌టెల్ సంస్థ స్టేషన్లలో రోజుకు 30 నిమిషాలు, 1 ఎంబీపీఎస్ వేగంతో ఉచిత సేవ ఇస్తూ వచ్చింది. ఆ వేగంతో అరగంటలో దిగేది గరిష్ఠంగా 225 మెగాబైట్లే. పూర్తి వెర్షన్ అప్‌గ్రేడ్‌కు చాలాసార్లు గిగాబైటుకు మించి దించుకోవాలి. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారంపై నడుస్తూ సిగ్నల్ మారుతుండగా ఆ పని తలపెట్టకపోవడమే మేలు.

పాత కెర్నల్ చెప్పే సాక్ష్యం

తర్వాత చేయవలసినది పాత కెర్నల్‌తో కంప్యూటర్‌ను తెరిచి చూడడం. ఉబుంటు వంటి వ్యవస్థలు కొత్త కెర్నల్ వచ్చినా వెనకటిదాన్ని కొంతకాలం ఉంచుతాయి. కంప్యూటర్ తెరుచుకునే సమయంలో పాత రకం బయోస్ యంత్రాల్లో షిఫ్ట్, యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఎస్కేప్ మీట నొక్కితే గ్రబ్ జాబితా వస్తుంది. అందులోని ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నళ్లు కనిపిస్తాయి. పాతదానితో వైఫై పనిచేసి కొత్తదానితో పనిచేయకపోతే కార్డు చెడిపోలేదని, కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌కూ మధ్యనే లోపం ఉందని తేలిపోతుంది. అప్పటికి పని నడవాలంటే పాత కెర్నల్‌తోనే రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. దరఖాస్తుకు చివరి తేదీ దగ్గరపడిన అభ్యర్థికి ఈ వెసులుబాటు ఎంతో విలువైనది. అన్నిటికన్నా ముందు ‘ఆటోరిమూవ్’ నడిపి పాత కెర్నళ్లను తొలగించినవారికి ఈ అవకాశం ఉండదు.

డ్రైవర్, ఫర్మ్‌వేర్

‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశం ల్యాప్‌టాప్ లోపలి కార్డులను, ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం బయట గుచ్చిన డాంగిళ్లను చూపుతాయి. మొదటిదానికి ‘ఎన్‌ఎన్‌కే’ ఐచ్ఛికం జోడిస్తే ప్రతి కార్డు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస వస్తుంది. వైఫై కార్డు కింద ఆ వరుస లేకపోతే కార్డు ఉంది గానీ దాన్ని నడిపేవారు లేరన్నమాట. కార్డుతో పాటు కనిపించే సంఖ్యను రాసిపెట్టుకోవాలి. 8086తో మొదలైతే అది ఇంటెల్ తయారీ. సహాయం అడిగేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు కన్నా ఈ సంఖ్యే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

డ్రైవర్ ఉన్నా ఫర్మ్‌వేర్ దొరకకపోవడం మరో సాధారణ లోపం. ‘డీఎంఈఎస్‌జీ’ ఆదేశం చూపే సందేశాల్లో ‘ఫర్మ్‌వేర్’ అనే మాట పక్కన మైనస్ 2 అనే సంఖ్య ఉంటే, కావలసిన ఫైలు ఆ చోట లేదని అర్థం. డెబియన్ వాడుకరులు దీనిపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్‌ను ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే కొత్త విభాగంలోకి మార్చారు. కొత్తగా ఎక్కించుకున్నవారికి అది దానంతటదే చేరుతుంది. వెర్షన్ 11 నుంచి అప్‌గ్రేడ్ అయినవారి ‘సోర్సెస్ లిస్ట్’ ఫైలులో మాత్రం పాత విభాగాల పేర్లే మిగిలిపోవచ్చు. అలాంటప్పుడు ఫర్మ్‌వేర్‌కు నవీకరణలు రావు. ఆ వరుస చివర కొత్త విభాగం పేరు చేర్చి, జాబితాను నవీకరించి, కార్డు తయారీదారుకు తగిన ఫర్మ్‌వేర్ ప్యాకేజీని ఎక్కించాలి. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు కూడా మూలం డెబియనే కనుక ఈ సంగతి ఆ వాడుకరులకూ తెలిసి ఉండడం మంచిది.

చౌక యూఎస్‌బీ డాంగిళ్లు, పాత బ్రాడ్‌కామ్ కార్డులు గల ల్యాప్‌టాప్‌లలో చిక్కు మరో రకంగా ఉంటుంది. వీటిలో కొన్నింటి డ్రైవర్లు కెర్నల్‌లో భాగం కావు. విడిగా దించుకొని ఎక్కించినవి. కెర్నల్ మారిన ప్రతిసారీ వాటిని మళ్లీ తయారు చేయాలి. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ పని తనంతట తాను చేస్తుంది. అయితే కొత్త కెర్నల్‌కు చెందిన ‘హెడర్స్’ ప్యాకేజీ లేకపోయినా, కొత్త కెర్నల్ అంతర్గత నిర్మాణం పాత డ్రైవర్ కోడ్‌కు సరిపడకపోయినా అది విఫలమవుతుంది. ‘డీకేఎంఎస్ స్టేటస్’ అని టైప్ చేస్తే ఏ కెర్నల్‌కు డ్రైవర్ తయారైందో, దేనికి కాలేదో కనిపిస్తుంది. అంతా సవ్యంగా తయారైనా సెక్యూర్ బూట్ అమలులో ఉన్న యంత్రంలో సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ అనుమతించదు. అప్‌గ్రేడ్ సమయంలో అడిగిన పాస్‌వర్డ్‌ను గుర్తుంచుకొని, తర్వాతి బూట్‌లో నీలి తెరపై ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకొని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది ఆ తెరను పొరపాటు సందేశమనుకొని దాటవేస్తారు. వైఫై పోయేది అక్కడే.

దీనికి వ్యతిరేకమైన పరిస్థితి కూడా ఉంది. రియల్‌టెక్ తయారీలోని 8821సీయూ, 8822బీయూ వంటి యూఎస్‌బీ చిప్‌లకు 2023 ఫిబ్రవరిలో వచ్చిన కెర్నల్ 6.2 నుంచి లినక్స్‌లోనే మద్దతు లభిస్తోంది. ఉబుంటు 22.04 తొలి కెర్నల్ 5.15లో అది లేదు, 24.04లోని 6.8లో ఉంది. అంటే పాత వ్యవస్థలో శ్రమపడి ఎక్కించిన బయటి డ్రైవర్ కొత్త వ్యవస్థలో అనవసరమే కాక అడ్డంకి కూడా కావచ్చు. దాన్ని తొలగిస్తే చాలు, కెర్నల్ సొంత డ్రైవర్ ఆ స్థానంలోకి వస్తుంది. ఇటువంటి చిప్‌లను లినక్స్‌కు పరిచయం చేసిన శ్రమలో పెద్ద వాటా కంపెనీలది కాక స్వచ్ఛంద కార్యకర్తలది. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ డ్రైవర్లపై ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ లారీ ఫింగర్ 2024 జూన్‌లో మరణించారు. ఆయన చేతిమీదుగా వచ్చిన కోడ్ నేటికీ ఎన్నో పాత ల్యాప్‌టాప్‌లను నడుపుతోంది.

‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఆదేశం వైఫైని ఎవరైనా ఆపి ఉంచారేమో చూపుతుంది. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ అయితే ఆదేశంతో తొలగించవచ్చు. ‘హార్డ్ బ్లాక్డ్’ అయితే ల్యాప్‌టాప్ పక్కనున్న మీటనో, కీబోర్డులోని ఎఫ్‌ఎన్ మీటనో చూసుకోవాలి.

ఇంట్లో పనిచేసి ప్రాంగణంలో పనిచేయకపోతే

ఇక్కడ తప్పు వాడుకరిది కాకపోవచ్చు. 2022 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 22.04తో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడో తరం వచ్చింది. వెనకటి వెర్షన్లు సహించిన పాత పద్ధతులను ఇది డిఫాల్ట్‌గా నిరాకరిస్తుంది. టీఎల్‌ఎస్ 1.0, 1.1 ఒప్పందాలు, సురక్షితం కాని పాత ‘రీనెగోషియేషన్’ అటువంటివే. ఇంటి రౌటర్ పాస్‌వర్డ్ వ్యవహారంలో టీఎల్‌ఎస్ ప్రసక్తే లేదు కనుక అక్కడ ఏ తేడా కనిపించదు. వ్యక్తిగత ఖాతాతో నడిచే డబ్ల్యూపీఏ-ఎంటర్‌ప్రైజ్ నెట్‌వర్క్‌లో మాత్రం ల్యాప్‌టాప్ మొదట సంస్థ సర్వర్‌తో టీఎల్‌ఎస్ ఒప్పందం చేసుకోవాలి. ఆ సర్వర్ పాతదైతే ఒప్పందం కుదరదు. తెరపై మాత్రం పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ మళ్లీ వస్తుంది. వాడుకరి తన పాస్‌వర్డే తప్పనుకొని మార్చుకుంటూ పోతాడు.

‘జర్నల్‌సీటీఎల్’లో ‘డబ్ల్యూపీఏ సప్లికెంట్’ సందేశాలు చదివితే అసలు కారణం తెలుస్తుంది. ‘లెగసీ రీనెగోషియేషన్ డిసేబుల్డ్’ అనో, ‘అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్’ అనో ఉంటే అందుబాటులో ఉన్న నవీకరణలన్నీ ముందు ఎక్కించాలి. అప్పటికీ తీరకపోతే ఆ వరుసను యథాతథంగా సంస్థ నెట్‌వర్క్ విభాగానికి పంపాలి. సరైన చికిత్స సర్వర్ దగ్గరే ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ భద్రతా స్థాయిని వ్యవస్థ మొత్తానికీ తగ్గించమనే సలహాలు వినిపిస్తుంటాయి. వాటిని పాటిస్తే ఇతర ప్రోగ్రాముల రక్షణ కూడా తగ్గుతుంది. ‘సీఏ సర్టిఫికెట్ అవసరం లేదు’ అనే గడిలో టిక్ పెట్టడం ఇంకా ప్రమాదకరం. అదే పేరుతో నకిలీ నెట్‌వర్క్ పెట్టినవారి చేతికి సంస్థ ఖాతా వివరాలు చిక్కవచ్చు.

ఇంటి రౌటర్ మరీ పాతదై డబ్ల్యూఈపీ భద్రతపై నడుస్తుంటే, 2022 నాటి డబ్ల్యూపీఏ సప్లికెంట్ 2.10 నుంచి దానికి డిఫాల్ట్‌గా మద్దతు లేదు. రౌటర్ సెట్టింగ్‌ను డబ్ల్యూపీఏ2కు మార్చడమే మార్గం.

అనుసంధానమైనా పేజీలు రాకపోతే

స్టేషన్ వైఫైలో మొదట లాగిన్ పేజీ తెరుచుకోవాలి. బ్రౌజర్‌లోనో వ్యవస్థలోనో సొంత డీఎన్ఎస్, వీపీఎన్ పెట్టుకున్నవారికి ఆ పేజీ రాదు. వాటిని తాత్కాలికంగా ఆపి, ఏదైనా సాధారణ ‘హెచ్‌టీటీపీ’ చిరునామా తెరిస్తే ఓటీపీ పేజీ ప్రత్యక్షమవుతుంది. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్’ ఆదేశంలో కార్డు పక్కన ‘అన్‌మేనేజ్డ్’ అని ఉంటే పాత ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలులో ఆ కార్డు పేరు మిగిలి ఉందేమో చూడాలి.

అనుసంధానం కుదిరి, నిమిషానికోసారి తెగిపోతుంటే విద్యుత్ పొదుపు సెట్టింగ్‌ను పరీక్షించాలి. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ అమరికల్లోని ‘వైఫై పవర్‌సేవ్’ విలువ 3గా ఉంటే 2కు మార్చి సేవను తిరిగి ప్రారంభించాలి. బ్యాటరీ కొంత త్వరగా తరుగుతుంది.

ఏదీ ఫలించక కొత్త డాంగిల్ కొనవలసి వస్తే, పెట్టెపై మోడల్ పేరు చూసి తృప్తిపడకూడదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు వెర్షన్లలో వేర్వేరు చిప్‌లు అమర్చడం ఈ వ్యాపారంలో మామూలే. దుకాణంలోనే ల్యాప్‌టాప్‌కు గుచ్చి, ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’లో చిప్ సంఖ్యను, ఆ వెంటనే నెట్‌వర్క్ జాబితాను చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.