పాకకు కరెంటు, నీరు: నేలలోపల నడచిన దారి



బావి దగ్గరనుంచి పశువుల పాకకు నీళ్ళ గొట్టమూ, కరెంటు తీగా నేలలో పూడ్చి తెచ్చుకోవాలని మీలో చాలామందికి వున్నది. దీనికి చరిత్ర యెందుకయ్యా, కందకం యెట్లా తవ్వాలో చెప్పు చాలునంటారేమో. నేలమీద జరిగిన తప్పు కంటికి కనబడుతుంది. ఆ పూటే సవరించుకుంటాము. నేలలో పూడ్చిన తప్పు మాత్రం యేళ్ళ తరబడి దాగివుండి, ఏ వానాకాలపు రాత్రో ప్రాణంమీదికి తెస్తుంది. కాబట్టి మనకంటె ముందు పూడ్చినవాళ్ళు యెక్కడ దెబ్బతిన్నారో తెలుసుకొని మరీ గడ్డపార పట్టడం మేలు.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. గోలకొండ కోట చూచినవారికి తెలిసే వుంటుంది. దుర్గం చెరువు నీటిని మట్టిగొట్టాల ద్వారా తెచ్చి, చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, గోడలలో పొదిగిన గొట్టాలగుండా కోటలోకి పంపేవారు. ఇప్పుడు కర్ణాటకలో వున్న బీదరులో, 15వ శతాబ్దపు బహమనీ సుల్తానుల కాలంలో, కొండరాయిని తొలిచి నేలలోపల సొరంగపు కాలువలు వేశారు. దాని పైన వరుసగా బావులవంటి గుంటలు వదిలారు. గాలి ఆడడానికీ, మనిషి దిగి పూడిక తీయడానికీ అవి పనికివచ్చేవి. ఆ గుంటల వరుసనుబట్టే సొరంగం యెటు పోయిందో ఈనాటికీ పోల్చుకుంటున్నారు. పూడ్చినదానికి పైన గుర్తు వుండాలనే పాఠం మనకు అక్కడ దొరుకుతుంది.

కరెంటు తీగ నేలలోకి దిగిన కథ ఇంత పాతది కాదు. 1848-49లలో జర్మనీలో సీమెన్సు అనే ఆయన బెర్లినునుంచి ఫ్రాంక్‌ఫర్టుకు టెలిగ్రాఫు తీగ వేశాడు. అందులో చాలాభాగం నేలలోనే. రాగితీగకు గట్టపర్చా అనే చెట్టుపాల తొడుగు వేసి పూడ్చారు. ఖర్చు తగ్గుతుందని లోతు తవ్వలేదు, పైన గట్టి కవచమూ వేయలేదు. ఎలుకలు తొడుగును కొరికివేశాయి, తవ్వినవాళ్ళ పారలు తగిలాయి. కొద్ది సంవత్సరాలలోనే ఆ తీగలను మానుకొని, మళ్ళీ స్తంభాలమీదికి ఎక్కించవలసి వచ్చింది. మన పొలంగట్లమీది పందికొక్కులు ఆ ఎలుకలకేమీ తీసిపోవు. ఉక్కు కవచమున్న కేబులు కొనమని మేము పదేపదే చెప్పేది ఇందుకే.

1882లో న్యూయార్కులో ఎడిసను దీపాలకోసం వేసిన తీగలుకూడా నేలలోనివే. ఇనుపగొట్టాలలో రాగికడ్డీలు పెట్టి, వాటి చుట్టూ కరెంటు దాటిరాని పదార్థాన్ని నింపి వీధులలో పూడ్చారు. ఒకచోట కరెంటు లీకయి, ఆ దారినపోయే గుర్రాలు అదిరిపడడం మొదలుపెట్టాయి. దానికి కారణమున్నది. నాలుగుకాళ్ళ జంతువుకు ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ దూరమెక్కువ. తడినేలలో కరెంటు పాకుతుంటే ఆ తేడా అంతా జంతువు ఒంట్లోనుంచి పోతుంది. మీ పాకలో ఆవు తొట్టిదగ్గరకు వచ్చి, మూతిపెట్టి, చటుక్కున వెనక్కు తగ్గితే దిష్టి తగిలిందనుకోవద్దు. మనకు తెలియని కొద్దిపాటి కరెంటు దానికి తెలుస్తుంది. నీళ్ళు తాగక పాలు తగ్గుతాయి.

మన ప్రాంతంలో 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉత్పత్తి మొదలయింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషను దేశమంతటికీ వచ్చింది. ఎద్దులతో మోట తోలిన బావులమీద మోటార్లు కూర్చున్నాయి. అప్పుడు తీగలన్నీ స్తంభాలమీదనే నడిచాయి. వేల ఊళ్ళకు తక్కువ ఖర్చుతో కరెంటు చేరాలంటే అదొక్కటే దారి, అది తప్పు కాదు. చిక్కు వచ్చినది ఆఖరి నూరు గజాలలో. స్తంభం దాకా ప్రభుత్వం తెచ్చింది. అక్కడినుంచి మోటారుకూ, పాకకూ తీగ తెచ్చుకొనే బాధ్యత రైతుమీద పడింది. వెదురుబొంగులమీదా, తుమ్మకొమ్మలమీదా, ఒక్కొక్కచోట గట్టుమీది గడ్డిలోనూ తీగలు పాకించారు. వంతులవారీ కరెంటు అర్ధరాత్రి వచ్చేది. తడిపొలంలో ఉత్తకాళ్ళతో మోటారు వేయడానికి పోయి, తెగిపడిన తీగ తొక్కి తిరిగిరానివారు యెందరో వున్నారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలయింది. కరెంటు బిల్లు తప్పినా, వేళ మారినా, ఆ ఆఖరి నూరు గజాలు మాత్రం మన చేతిలోనే మిగిలిపోయాయి.

ఇంకొక మార్పు చాలామంది గమనించలేదు. ఇనుపగొట్టాల కాలంలో ఎర్తు తీగను నీళ్ళగొట్టానికే చుట్టే అలవాటు వుండేది. గొట్టం నేలలో దూరం పోయేది గనుక ఏదో విధంగా గడిచిపోయింది. తరువాత పి.వి.సి. గొట్టాలు వచ్చాయి. తుప్పు లేదు, బరువు లేదు, ధర తక్కువ. అందరమూ సంతోషించాము. కాని ప్లాస్టిక్కులో కరెంటు పోదు. గొట్టం మారింది, అలవాటు మారలేదు. కుళాయి దగ్గర మూరెడు ఇనుపముక్కకు ఎర్తు తీగ చుట్టి వుంటుంది, దాని కింద అంతా ప్లాస్టిక్కే. అంటే ఆ పాకకు ఎర్తు లేనట్టే. లీకైన కరెంటు నేలలోకి పోయే దారిలేక ఆ ఇనుపముక్కమీదనే కాచుకొని వుంటుంది. తడినేలమీద నిలబడి కుళాయి తిప్పే చేయి యెవరిది? తెల్లవారుజామున పాలు పితకడానికి వెళ్ళే ఇల్లాలిది.

కాబట్టి ఈ అనుభవమంతా కూడగట్టి పని ఇట్లా చేసుకోండి. కేబులును రెండున్నర అడుగుల లోతున, అంటే 75 సెంటీమీటర్లలో వేయండి. భారత ప్రమాణాలు చెప్పేది అదే, ట్రాక్టరు నాగలికీ అందదు. అడుగున ఇసుక పరచి, కేబులుమీద మళ్ళీ ఇసుక పోసి, ఆపైన ఇటుకలు పేర్చి మన్ను కప్పండి. బండ్లదారి దాటేచోట ఇంకా లోతుగా, గట్టి గొట్టంలోనుంచి తీయండి. నేలలో అతుకు పెట్టవద్దు. దూరమెక్కువైతే లావు కేబులు తీసుకోండి. సన్నదైతే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోతుంది. నీళ్ళగొట్టానికి వేరే కందకం మంచిది. రెండూ దగ్గరపడినచోట అడుగు యెడమైనా వుండాలి. గొట్టంలో నీళ్ళు నింపి, ఒక పూట వుంచి, అతుకులు చూచుకొన్న తరువాతనే పూడ్చండి.

పాక దగ్గర ఎర్తుగుంట ప్రత్యేకంగా వుండి తీరాలి. వేసవిలో దానిలో నీళ్ళు పోస్తూ వుండాలి. కేబులు ఉక్కు కవచాన్నికూడా ఎర్తుకు కలపాలి. లీకును కనిపెట్టి తనంతట తానే కరెంటు కొట్టివేసే స్విచ్చి, ఆర్.సి.సి.బి. అంటారు, 30 మిల్లీ ఆంపియర్లది పాకలో పెట్టించండి. కనెక్షను పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనుచేతనే చేయించండి. కందకం తవ్వుకొనే కూలి మీరు మిగుల్చుకోవచ్చు గాని, ఈ ఖర్చు మిగుల్చుకోవద్దు.

ఆఖరి మాట. బీదరులో గుంటలు వదిలినట్టు మీరూ కేబులు పోయిన దారివెంట, మలుపు మలుపుకూ ఒక రాయి పాతండి. కాగితంమీద బావి, పాక, వేపచెట్టు గీసి, కేబులూ గొట్టమూ యెన్ని అడుగుల దూరంలో పోయాయో రాసి, పట్టాదారు పాసుపుస్తకంలో దాచండి. రేపు ఆ చోట గుంట తవ్వేది మీరు కాకపోవచ్చు, మీ కొడుకో మనుమడో కావచ్చు. పార వేసేముందు ఆ కాగితం అతని చేతిలో వుండాలి.