తల్లి రొయ్యకు పెట్టిన పరీక్ష

నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల జోరుకు పగ్గం వేసింది 1994లో వచ్చిన తెల్లమచ్చ వైరస్. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, కోట మండలాల గుంటల్లో రొయ్య మేత మానేసి గట్టు వారకు చేరేది. తలపెంకు తీసి వెలుతురుకు పట్టి చూస్తే అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా తెల్లచుక్కలు. మూడు నుంచి పది రోజుల్లో గుంట ఖాళీ. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మాటలన్నీ పర్యావరణం చుట్టూ తిరిగాయి. అది జరగాల్సిన చర్చే. కానీ క్రిమి ఏ దారిన గుంటలోకి దిగిందన్న ప్రశ్న వెనకబడింది. జన్యుపరీక్ష ఈ తీరాన్ని ఆదుకున్నది గుంట గట్టున కాదు, తల్లి రొయ్య దగ్గర అని నా వాదన.

అదే 1996లో జపాన్, తైవాన్ శాస్త్రవేత్తలు ఈ వైరస్‌కు పీసీఆర్ పరీక్షను ప్రకటించారు. వైరస్ డీఎన్ఏలో దాదాపు 3 లక్షల అక్షరాలుంటాయి. అందులో ఒక చిన్న ముక్కను పట్టుకుని కోట్ల రెట్లు పెంచి చూపుతుంది కాబట్టి, పైకి ఆరోగ్యంగా కనిపించే రొయ్యలోనూ క్రిమి బయటపడుతుంది. క్రమంగా రైతు సీడు (రొయ్య పిల్లలు) కొనేముందు పీసీఆర్ నెగెటివ్ కాగితం అడగడం నేర్చాడు. కాగితం చేతిలో ఉన్నా పంట పోతే పరీక్షే బూటకమని తిట్టుకోవడం సహజం. తప్పు పరీక్షది కాదు, లెక్కది. హేచరీ ట్యాంకులో నూటికి 2 పిల్లలకు వైరస్ ఉంటే, 150 పిల్లలను పరీక్షించినప్పుడు అది దొరికే అవకాశం 95 శాతం. నూటికి ఒకదానికే ఉంటే అవకాశం 78కి పడిపోతుంది. లక్షల సీడులో ఆ ఒక్క శాతమంటే వేల పిల్లలు! సముద్రంలో పట్టిన టైగర్ తల్లే క్రిమిని మోసుకొస్తుంటే పిల్లల్లో వెతకడం ఆలస్యమే.

2009లో విదేశీ జాతి అయిన వనామి రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు వరస మారింది. తరాలుగా క్రిమి లేకుండా పెంచిన తల్లులను విదేశాల నుంచి తెచ్చి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్‌లో పరీక్షించాకే హేచరీలకు ఇచ్చారు. వనామికీ తెల్లమచ్చ వస్తోంది కదా అంటారు. నిజమే. క్రిమి లేకుండా పుట్టడం వేరు, క్రిమిని తట్టుకోవడం వేరు. క్రీకు నీరూ పీతలూ దాన్ని మళ్లీ తెస్తాయి. వాటికి క్లోరిన్, చుట్టూ కట్టే వల అవసరం. ఒత్తుగా వేసినా త్వరగా పెరగడం కూడా వనామిని గెలిపించింది. అయినా తల్లి దారి మూయకుండా మిగతా కాపలాకు అర్థం లేదు.

కోడి మాంసానికీ ఇదే వర్తిస్తుంది. సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్ అనే బ్యాక్టీరియా తల్లి కోడి అండాశయం నుంచే గుడ్డులోకి, దాని ద్వారా పిల్లలోకి చేరగలదు. 1953లో స్వీడన్‌లోని ఆల్వెస్టాలో మొదలైన సాల్మొనెల్లా వ్యాధి సుమారు 9,000 మందికి సోకాక ఆ దేశం 1961 నుంచి మందలపై నిఘా పెట్టింది. ఇప్పుడు పూర్తి జన్యుక్రమం చదివి, రోగి నుంచి మంద దాకా ఒకే క్రిమి జాడ పోల్చుకోవచ్చు. మన దగ్గర మాత్రం 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ సంగతి కోళ్లు చచ్చాకే తెలిసింది. ఆ తర్వాతే నమూనాలు పరీక్షకు భోపాల్ వెళ్లాయి. ఎంటెరిటిడిస్ పెద్ద కోడిని చాలాసార్లు చంపదు కాబట్టి ఆ కబురూ ఉండదు. అందుకే పరీక్షను చికెన్ కొట్లో కాదు, ముందు బ్రీడర్ ఫారంలో మొదలుపెట్టాలి.