దూదో: పాచికల ఆటలో బొంకు – ఒక పుట్టుక కథ పరిశీలన

దక్షిణ అమెరికాలోని పెరూ, చిలీ దేశాలలో ప్రచారంలో ఉన్న పాచికల ఆట దూదో. స్పానిష్ భాషలో ఈ మాటకు 'శంకిస్తున్నాను' అని అర్థం. ఒక ఉత్తమ పురుష క్రియారూపమే ఆటకు పేరు కావడం విశేషం. ఈ ఆట ప్రస్తావన వచ్చిన చోటల్లా ఒక కథ కూడా వెంట వస్తుంది. ఇన్కా చక్రవర్తి అతావల్పా చెరలో ఉన్నప్పుడు, తనను బంధించిన స్పానిష్ సేనాని ఫ్రాన్సిస్కో పిజార్రోకు దీనిని నేర్పాడని, అతని ద్వారా ఇది యూరపుకు చేరిందని ఆ కథ సారాంశం. ఆటను అమ్మేవారి ప్రచారంలో ఈ కథ చరిత్రగానే చలామణి అవుతున్నది.

ఆడే విధానం తెలియనిదే ఈ కథను పరీక్షించడం కష్టం. ప్రతి ఆటగాడికి ఐదు పాచికలు, ఒక దొప్ప ఉంటాయి. ఆ దొప్పను 'కాచో' అంటారు. కొమ్ము అని దాని మూలార్థం. అందరూ పాచికలను కుదిపి, దొప్పలను బోర్లించి, ఎవరివి వారే రహస్యంగా చూసుకొంటారు. ఒకరు 'ఐదు నాలుగులు' అంటారు. అంటే తన దొప్ప కింద అన్ని ఉన్నాయని కాదు. అందరి దొప్పల కింద కలిపి నాలుగు చుక్కల ముఖాలు కనీసం ఐదు ఉన్నాయని. తరువాతి ఆటగాడు ఆ మాటను పెంచాలి, లేదా 'దూదో' అనాలి. ఆ మాట వినిపించగానే దొప్పలన్నీ లేస్తాయి. చెప్పినన్ని ఉంటే శంకించినవాడు, లేకుంటే చెప్పినవాడు ఒక పాచికను కోల్పోతాడు. ఒంటి చుక్క ఏ సంఖ్యకైనా చెల్లుతుంది. కనుక ఆరుగురు ఆడేటప్పుడు, ఉన్న 30 పాచికలలో రెండు మొదలు ఆరు వరకు ఏ సంఖ్యయినా సగటున 10 సార్లు లెక్కకు వస్తుంది. తన ఐదింటిలో నాలుగు అనుకూలంగా పడినవాడు, మిగిలిన 25లో ఎనిమిదింటిని ఊహించి 'పన్నెండు' అనవచ్చు. ఒక్కటీ పడనివాడు కూడా 'పన్నెండు' అనవచ్చు. వినేవారికి ఆ రెండు మాటలలో తేడా తెలియదు.

ఇక కథ సంగతి. అతావల్పా 1532 నవంబరు 16న కహామార్కాలో బందీ అయ్యాడు. గది నిండా బంగారం విడుదల మూల్యంగా ఇస్తానన్నాడు, ఇచ్చాడు. అయినా 1533లో అతనిని చంపివేశారు. ఇదే చెరను ఆధారం చేసుకొని మరొక ఆట కథ కూడా పుట్టింది. అతావల్పా స్పానిష్ వారి చదరంగాన్ని చూస్తూనే నేర్చుకొన్నాడని, ఒక ఆటలో అతడు చెప్పిన ఎత్తు వల్ల ఓడినవాడు పగబట్టి మరణశిక్షకు మొగ్గు చూపాడని పెరూ రచయిత రికార్డో పాల్మా ఒక కథనంలో రాశాడు. ఒక కథలో రాజు శిష్యుడు, మరొక కథలో గురువు. రెండింటిలోనూ చెరసాల ఒక క్రీడాశాలగా మారింది. బందీని, బంధించినవారిని సరసన కూర్చోబెట్టి ఆడించే ఈ కథలు ఆక్రమణ చరిత్రలోని హింసను మెత్తబరుస్తాయి. వీటిని పరీక్షించకుండా అంగీకరించరాదనడానికి ఇదే ముఖ్య కారణం.

ఇన్కాలకు పాచికలు లేవని అనడం కూడా తగదు. కెచువా భాషలో 'పిచ్క' అంటే ఐదు. అదే పేరుతో వారికి ఒక ఆట ఉండేది. జెస్యూట్ పండితుడు బెర్నాబె కోబో 1653 నాటి తన గ్రంథంలో దానిని పాచికల వంటి ఆటగా, ఐదు విలువలు గల ఒకే ఒక పాచికతో ఆడేదిగా వర్ణించాడు. అంతకు ముందే, 1621లో, స్థానిక ఆరాధనలను నిర్మూలించడానికి గ్రంథం రాసిన పాబ్లో హోసే దె అర్రియాగా మరొక వివరమిచ్చాడు. చనిపోయినవారి కోసం ఐదు రోజులు జాగరణ చేసే బంధువులు, గీతలున్న చిన్న పుల్లలతో పిచ్క ఆడేవారట. నిద్ర ఆపుకోవడానికి తప్ప ఇందులో వేరే మర్మమున్నట్లు అతనికి తోచలేదు. ఆ మతాచార్యుని దృష్టికి అందనిది తరువాతి పరిశోధకులకు అందింది: పాచిక పడిన తీరులో మృతుని ఇష్టాన్ని చదువుకొనే ఆచారమది. ఈక్వడార్ కొండ ప్రాంతాలలో మృతుని జాగరణలో ఎముక పాచికతో ఆడే అలవాటు 20వ శతాబ్దిలో కూడా నమోదైంది.

పిచ్కకు, దూదోకు మధ్య 'ఐదు' అనే సంఖ్య తప్ప పోలిక కనిపించదు. కోబో, అర్రియాగా వర్ణనలలో దొప్ప లేదు, దాచడం లేదు, పందెపు మాట పెంచడం లేదు. మృతుడు పలికే చోట బొంకుకు తావెక్కడ? దూదోలోని ఆరు ముఖాల ఘనాకారపు పాచిక పాత ప్రపంచానిది. ఆటలోని పదజాలమంతా స్పానిష్. పదజాలం ఒక్కటే పుట్టుకను నిర్ణయించదన్నది నిజమే. కానీ పరికరం, పదజాలం రెండూ ఒకే దిక్కును చూపుతున్నప్పుడు భిన్నంగా వాదించేవారే సాక్ష్యం చూపాలి.

స్పెయిన్‌లో జూదానికి అప్పటికే దీర్ఘ చరిత్ర ఉన్నది. కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో 1276లో జూదగృహాలకు శాసనాలు చేయించాడు. 1283లో పూర్తయిన ఆటల గ్రంథంలో పాచికల ఆటలకు ఒక భాగమే కేటాయించాడు. పిజార్రో సైనికులు ఆ వారసత్వంతోనే వచ్చారు. కూస్కో సూర్యాలయపు బంగారు సూర్యబింబం తన వాటాకు రాగా, మన్సియో సెర్రా దె లెగిసమోన్ అనే సైనికుడు దానిని ఒక్క రాత్రిలో జూదంలో పోగొట్టుకొన్నాడని గార్సిలాసో దె లా వేగ 1609లో ప్రచురించిన గ్రంథంలో చెప్పాడు. తెల్లవారకముందే సూర్యుణ్ణి ఒడ్డడమన్న నానుడి దానినుంచే పుట్టింది.

అల్ఫోన్సో శాసనాల వెనుక ఉన్న భయం భారతదేశానికి కొత్త కాదు. అర్థశాస్త్రం ద్యూతాధ్యక్షుని నియమించి, నిర్ణీత స్థలంలో కాక వేరే చోట ఆడితే 12 పణాల దండన విధించింది. ఈ వ్యవస్థలలో మోసం పాచికలో, లేదా వేసే చేతిలో ఉంటుంది. సభాపర్వంలో ధర్మరాజు నిందించే నికృతి కూడా ఆ కోవలోనిదే. దూదోలో పాచిక నిర్దోషి, చేయి నిర్దోషి. మోసం వాక్కులోకి మారింది. మారడమే కాదు, నియమబద్ధమై దోషం కాకుండా పోయింది. బొంకినవాడు కాదు, బొంకు బయటపడినవాడు మూల్యం చెల్లిస్తాడు.

దూదోకు దగ్గరి పోలిక కావాలంటే సభాపర్వంలో కంటె అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో వెతకడం మేలు. నన్నయ తెలుగు చేసిన ఆ కథలో ఋతుపర్ణుడు దారిలోని తాండ్ర చెట్టును చూసి కాయలు, ఆకులు ఎన్నో చెబుతాడు. నలుడు ఆ మాటను నమ్మక, లెక్కించి చూసి, సరిపోయిన తరువాతనే అక్షహృదయాన్ని స్వీకరిస్తాడు. వైదిక కాలపు జూదం తాండ్ర కాయల రాశులతో సాగినందున, కంటిచూపుతో మొత్తాన్ని అంచనా వేయడమే అక్కడ విద్య. కనిపించని మొత్తాన్ని అంచనా కట్టడం దూదోలో విద్య. నలుని సందేహం దూదో అనే మాటకు సమానం. చిలీలో 'కాల్సో' అనే మూడవ మాట కూడా ఉన్నది: చెప్పినన్నే ఉన్నాయి, ఎక్కువా లేవు, తక్కువా లేవు అని. అది ఋతుపర్ణుని మాట. ఈ సామ్యం వల్ల రెండు ఆటలకు చారిత్రక సంబంధముందని చెప్పడం లేదు. లెక్క, నమ్మకం, సందేహం కలిసిన చోట మనుషులు ఒకే విధంగా ప్రవర్తిస్తారని మాత్రమే.

తరువాతి విస్తరణను క్లుప్తంగా చెప్పవచ్చు. 20వ శతాబ్ది చివరి పాదంలో ఇది 'పెరూదో' పేరుతో ఇంగ్లండు అంగడికి చేరింది. ఇదే కోవకు చెందిన, రిచర్డ్ బోర్గ్ రూపొందించిన 'బ్లఫ్' 1993లో జర్మనీలో ఆ ఏటి ఉత్తమ క్రీడా పురస్కారం పొందింది. 2006లో వచ్చిన 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' రెండవ చిత్రంలో ఓడ మీది బానిసత్వపు సంవత్సరాలే పందెంగా ఈ తరహా ఆట సాగుతుంది. ఆ దృశ్యం తరువాత ఈ ఆట ఓడదొంగలదనే మరో నమ్మకం బలపడింది. పెట్టె మీద రాజు, తెర మీద ఓడదొంగ. పిచ్క ఆడుతూ ఐదు రాత్రులు మేలుకొన్న బంధువులకు మాత్రం ఈ రెండు చోట్లా స్థానం లేదు.