కాళ్లతోనే ‘వినేస్తాయ్’.. ఉస్మాన్‌గంజ్ పావురాలు, బొద్దింకలకు అలికిడి అంత త్వరగా ఎలా తెలుస్తుంది? భూకంపాన్ని కూడా ముందే పసిగడతాయా?

హైదరాబాద్: తెల్లారితే చాలు.. ఉస్మాన్‌గంజ్‌లో లారీల రాక, బస్తాల దించుడు, ట్రాలీల చప్పుడు మొదలవుతుంది. ఇంత గోలలోనూ రేకుల మీద పావురాలు తాపీగా కూర్చుని ఉంటాయి. కానీ పక్కనే ఒక షట్టర్ దడాలున లేచిందంటే గుంపు మొత్తం ఒక్కసారిగా గాల్లోకి లేస్తుంది. గోదాంలో బస్తా కాస్త జరిపితే చాలు, దాని వెనకున్న బొద్దింక క్షణంలో మాయం. కళ్లు, చెవులు ఎలాగూ పనిచేస్తాయి. వాటితో పాటు ఈ జీవులకు మరో ఆయుధం ఉంది. అది కాళ్లలోనే ఉంది.

నేల, గోడ, కొమ్మ.. దేని మీద నిలబడితే దాని కదలికను కాళ్లలోని ప్రత్యేక గ్రాహకాలు పట్టేస్తాయి. ఆ సమాచారం నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. జీవిని బట్టి ఈ గ్రాహకం రూపం మారుతుంది కానీ చేసే పని మాత్రం ఒక్కటే.

బొద్దింక మోకాలి కింద ఏముంది?

బొద్దింకకు ఆరు కాళ్లు. ప్రతి కాలిలో మోకాలికి కాస్త కింద ‘సబ్‌జెన్యువల్ ఆర్గాన్’ అనే చిన్న అవయవం ఉంటుంది. కాలి లోపలి ద్రవంలో పలుచని పొరలా ఇది అమరి ఉంటుంది. నేల కంపిస్తే ద్రవం కదులుతుంది, దాంతో పొర ఊగుతుంది, నరం మేల్కొంటుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగాన్ని నానోమీటరు అంటారు. ఆ స్థాయి కదలికను కూడా ఇది గుర్తించగలదు. చెప్పు ఎత్తగానే బొద్దింక పారిపోవడానికి మాత్రం ఇంకో కారణం ఉంది. దాని వెనక భాగంలో ఉండే రెండు చిన్న కొమ్ముల్లాంటి భాగాల మీది వెంట్రుకలు గాలి కదలికను పట్టేస్తాయి. అంటే కింద నుంచి నేల, వెనక నుంచి గాలి.. రెండు వైపులా కాపలా అన్నమాట.

పావురానికి కాలి ఎముకల మధ్య..

ఉస్మాన్‌గంజ్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా కనిపించే పావురాల సంగతి వేరు. పక్షుల కాళ్లలో పక్కపక్కనే ఉండే రెండు ఎముకల నడుమ ‘హెర్బ్‌స్ట్ కార్పసుల్స్’ అనే సూక్ష్మ గ్రాహకాలు వరుసగా ఉంటాయి. సెకనుకు కొన్ని వందల సార్లు వచ్చే కంపనాలకు ఇవి బాగా స్పందిస్తాయి. రాత్రి కొమ్మ మీద నిద్రపోతున్న పక్షికి, పిల్లి ఎక్కుతున్న సంగతి ఇలా తెలిసే వీలుంది.

పిల్లికీ ఇలాంటివే ఉంటాయి. వాటిని ‘పాసినియన్ కార్పసుల్స్’ అంటారు. మనుషుల అరచేతులు, అరికాళ్లలో కూడా ఇవే ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇటలీకి చెందిన ఫిలిప్పో పాసిని వీటిని వర్ణించడంతో ఆ పేరు వచ్చింది. కోసి చూస్తే ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా కనిపిస్తాయి. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కంపనానికి ఇవి అత్యంత చురుగ్గా స్పందిస్తాయి.

ఈ పొరల వల్లే ఒక తమాషా జరుగుతుంది. ఒకే బరువు అలాగే నొక్కుతూ ఉంటే గ్రాహకం కాసేపటికే మౌనం దాలుస్తుంది. బరువు మారితేనే మళ్లీ స్పందిస్తుంది. దీనికి తోడు రోజూ వినిపించే చప్పుడుకు మెదడు కూడా అలవాటు పడిపోతుంది. బస్తాల మోతకు కదలని పావురం, కొత్త అదురుకు లేచిపోవడంలో ఈ అలవాటు పాత్ర ఉంది.

తేలు లెక్క, ఏనుగు పాదం

ఇసుకలో బతికే తేలు ఇంకో అడుగు ముందుంది. అమెరికా ఎడారి తేళ్ల మీద 1970ల్లో ఫిలిప్ బ్రౌనెల్ పరిశోధన చేశారు. ఇసుకలో కదిలే పురుగు నుంచి వచ్చే అలలు తేలు ఎనిమిది కాళ్లను ఒకేసారి తాకవు. ఏ కాలికి ముందు తగిలిందో చూసుకుని వేట ఏ దిక్కున ఉందో తేలు తేల్చుకుంటుంది. ఈ తేడా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఉన్నా దానికి సరిపోతుంది.

ఏనుగు పాదాల్లోనూ పాసినియన్ కార్పసుల్స్ ఉన్నాయని ఆసియా ఏనుగుల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. నమీబియాలోని ఎటోషా పార్కులో కెయిట్లిన్ ఓకానెల్ బృందం ఏనుగుల హెచ్చరిక పిలుపులను కంపనాలుగా మార్చి నేల గుండా పంపింది. ఏనుగులు వాటికి స్పందించాయి. పాతబస్తీలో మొహర్రం బీబీ కా ఆలం ఊరేగింపులో ఏనుగును నడిపిస్తారు. అలాంటి చోట్ల మోత చెవులనే కాదు, పాదాలను కూడా తాకుతుందని గుర్తుంచుకోవాలి.

మరి భూకంపం సంగతేంటి?

2024 డిసెంబర్ 4న ఉదయం 7.27 గంటలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లోనూ చాలామందికి ప్రకంపనలు తెలిశాయి. ఇలాంటప్పుడల్లా ‘పక్షులకు ముందే తెలుసు’ అనే మాట వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది, కొంత లేదు.

భూకంపం నుంచి మొదట వచ్చేవి వేగంగా ప్రయాణించే ‘పీ’ తరంగాలు. ఇవి బలహీనంగా ఉంటాయి కాబట్టి మనకు తరచుగా తెలియవు. గట్టిగా ఊపే ‘ఎస్’ తరంగాలు ఆ తర్వాత వస్తాయి. దూరంలో ప్రతి 8 కిలోమీటర్లకు దాదాపు ఒక సెకను తేడా ఉంటుంది. ఆ లెక్కన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట 25 సెకన్ల వ్యవధి దొరుకుతుంది. సున్నితమైన గ్రాహకాలున్న జంతువు ఈ మొదటి అలకే కంగారు పడొచ్చు. అంటే ముందే తెలియడం కాదు, అప్పటికే మొదలైన కంపనాన్ని మనకన్నా ముందు గుర్తించడం. రోజుల ముందే పసిగడతాయనడానికి మాత్రం నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదు.

అందుకే పావురాలు ఎగిరాయా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. ప్రకంపనలు తెలిస్తే లోపల ఉన్నవాళ్లు గట్టి బల్ల కిందకు చేరి తలకు రక్షణ ఇచ్చుకోవాలి. గోదాంలో ఉంటే ఎత్తుగా పేర్చిన బస్తాలకు దూరంగా జరగాలి. బయట ఉన్నవాళ్లు పాత గోడలు, బాల్కనీలు, కరెంటు తీగల కింద నిలబడొద్దు.